సంఘము విడిచిన దినము: ప్యూరిటనుల క్రిస్మస్ నిషేధము, దాని తరువాతి కథ

ప్రతి సంవత్సరము నవంబరు చివరి వారము వచ్చేసరికి మన కాపరుల మధ్య రెండు మాటలు వినబడుతుంటాయి. మొదటిది, "లోకము మన పండుగను దోచుకున్నది, క్రీస్తు లేని క్రిస్మస్ చేస్తున్నది" అనేది. రెండవది, "ఆ పండుగ బైబిలులో లేదు, అన్యుల నుండి వచ్చింది, దానిని విడిచిపెట్టడమే మేలు" అనేది. మొదటి పక్షమువారు బజారును, టెలివిజనును, క్రిస్మస్ తాతను నిందిస్తారు. రెండవ పక్షమువారు పూర్వము కరపత్రాలు పంచేవారు, ఇప్పుడు ఫోనులో పంపుతున్నారు. ఇద్దరూ చరిత్రనే సాక్ష్యమునకు పిలుస్తారు. కాబట్టి ఆ సాక్షి నిజముగా ఏమి చెప్పుతున్నాడో కొంచెము ఓపికగా వినడము మనకు అవసరము.

ఈ వ్యాసములో మేము ముఖ్యముగా ఒక్క సంగతిని తీసుకున్నాము. 17వ శతాబ్దములో ఇంగ్లండులోను, అట్లాంటిక్ సముద్రము అవతల న్యూ ఇంగ్లండులోను క్రిస్మస్ చట్టము ద్వారా నిషేధించబడింది. నిషేధించినవారు నాస్తికులు కారు. దేవుని వాక్యమును ప్రాణము కంటె ఎక్కువగా ఎంచిన క్రైస్తవులు. వారు ఖాళీ చేసిన స్థలములోనికి తరువాత ఎవరు వచ్చారన్నదే మా ప్రశ్న. మా అభిప్రాయము ముందే చెప్పివేస్తాము. నేడు మనము లౌకిక క్రిస్మస్ అని పిలుస్తున్నదానిలో చాలా భాగము సంఘము దగ్గర నుండి దొంగిలించబడినది కాదు. సంఘము తన ఆరాధనను తీసివేసుకొన్న దినము మీద ఇతరులు కట్టుకొన్నది.

ఆది సంఘము, రోమా పండుగలు

అసలు సంగతిలోనికి వెళ్లేముందు నాలుగవ శతాబ్దమును ఒకసారి చూడాలి. ఎందుకంటే "కాన్‌స్టంటైను చక్రవర్తి సూర్యదేవుని పండుగను క్రిస్మస్‌గా మార్చాడు" అనే మాట మన ప్రసంగ పీఠముల మీద కూడా వినబడుతున్నది. కాన్‌స్టంటైను అటువంటి శాసనము చేసినట్లు ఆధారము లేదు. డిసెంబరు 25న బేత్లెహేములో క్రీస్తు పుట్టెనని చెప్పే రోమా పట్టిక 354వ సంవత్సరపు పంచాంగ గ్రంథములో ఉన్నది. ఆ పట్టికకు మూలము 336 నాటిదని పండితులు అంటారు. అదే తేదీన అజేయుని జన్మదినము అనే సూర్యుని పండుగ ఉన్నట్లు చెప్పే తొలి ఆధారము కూడా ఆ గ్రంథమే! ఎవరి పండుగ ముందు, ఎవరిది వెనుక అని ఆ ఒక్క పుస్తకము మీద ఆధారపడి గట్టిగా చెప్పలేము.

తేదీ కంటె మనకు ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆనాటి సంఘ పితరులకు ఈ పండుగ అన్యాచారముల నడుమనే లభించింది. డిసెంబరు 17 మొదలు సాటర్నేలియా, జనవరి 1న కలెండ్స్. బహుమానాలు, దీపాలు, తాగుడు, జూదము అన్నీ అప్పటికే ఉన్నాయి. 380 ప్రాంతములో కాన్‌స్టాంటినోపులులో నజియాంజు గ్రెగొరీ క్రీస్తు జననమును గూర్చి ప్రసంగిస్తూ, ద్వారములకు తోరణాలు కట్టి, నాట్యమాడి, విందులు చేసి ఈ పండుగను జరుపవద్దని హెచ్చరించాడు. 386లో అంతియొకయలో యోహాను క్రిసోస్తము, ఆ ఊరిలో ఇంకా పదేండ్లయినా నిండని ఈ పండుగను గట్టిగా సమర్థించాడు. కలెండ్స్ నాడు అన్యులు ఒకరికొకరు కానుకలు ఇచ్చుకొంటుంటే మీరు బీదలకు ధర్మము చేయండని అగస్టీను తన సంఘమునకు బోధించాడు. ఐదవ శతాబ్దపు మధ్యలో రోమా బిషప్పు లియో అయితే, పేతురు దేవాలయపు మెట్ల మీద నిలువబడి ఉదయిస్తున్న సూర్యునికి నమస్కరించి తరువాత లోపలికి వచ్చే విశ్వాసులను క్రిస్మస్ ప్రసంగములోనే గద్దించాడు.

అంటే పరిశుద్ధమైన, స్వచ్ఛమైన క్రిస్మస్ ఒకటి పూర్వకాలములో ఉండేదని, దానిని లోకము చెడగొట్టినదని మనము అనుకొనే ఊహకు చరిత్రలో చోటు లేదు. మొదటి నుండి బయట సందడి ఉన్నది, లోపల వాక్యము ఉన్నది. పితరులు బయటి సందడిని ఆపలేకపోయారు. కాని దేవాలయములో ఏమి చదవబడాలో, ఏమి ప్రకటింపబడాలో వారి చేతిలోనే ఉండేది. ఏరియసు బోధ తరువాతి ఆ దినములలో, తండ్రితో సమానుడైనవాడే శరీరధారి అయ్యాడన్న నరావతార సత్యమును వారు ఏటేటా ఆ దినమున ప్రకటించారు.

పార్లమెంటు నిషేధము

ఇక ఇంగ్లండు. ప్యూరిటనులను ఎగతాళి చేయడము తేలిక. కాని వారి అభ్యంతరములు తేలికైనవి కావు. మొదటిది, లేఖనము ఆజ్ఞాపించని దినమును ఆచరించుమని విశ్వాసి మనస్సాక్షిని బంధించే అధికారము ఏ బిషప్పుకూ, ఏ రాజుకూ లేదన్నది. గలతీ 4, కొలస్సీ 2 అధ్యాయములు వారి చేతిలో ఉన్నాయి. రెండవది, ఆ కాలపు క్రిస్మస్ నిజముగానే అల్లరి పండుగ. పన్నెండు దినములు తాగుడు, పాచికలు, వేషాలు, గుంపులుగా ధనవంతుల ఇండ్లకు వెళ్లి తినడానికి తాగడానికి ఇవ్వమని గోల చేయడము. ఇది చూసి ఒక దైవజనుని మనస్సు నొచ్చుకొన్నదంటే మనకు అర్థము కాకపోదు.

స్కాట్లండు సంస్కర్తలు 1560లోనే తమ క్రమశిక్షణ గ్రంథములో ఇటువంటి పండుగలను తోసివేశారు. ఇంగ్లండులో అంతర్యుద్ధము జరుగుతుండగా 1644లో ఒక చిక్కు వచ్చింది. ప్రతి నెల చివరి బుధవారము ఉపవాస దినముగా పార్లమెంటు నిర్ణయించింది. ఆ సంవత్సరము డిసెంబరు 25 చివరి బుధవారమే అయింది. విందా, ఉపవాసమా? ఉపవాసమే అని పార్లమెంటు శాసించింది. 1645 జనవరిలో సాధారణ ప్రార్థనల గ్రంథమును తీసివేసి, దాని స్థానములో ఆరాధన నిర్దేశికను పెట్టారు. అందులో ప్రభువు దినము తప్ప పండుగ దినములకు చోటు లేదు. 1647 జూనులో క్రిస్మస్, ఈస్టరు, పెంతెకొస్తు పండుగలను రద్దు చేస్తూ శాసనము వచ్చింది. పనివారికి, వృత్తి నేర్చుకొనే కుర్రవారికి, విద్యార్థులకు విశ్రాంతి పోకూడదని, పండుగలకు బదులుగా ప్రతి నెల రెండవ మంగళవారమును వినోద దినముగా ఇచ్చారు. ఈ చివరి అంశమును గమనించాలి. సెలవు తీసివేయబడలేదు. ఆరాధన తీసివేయబడి, సెలవు వేరొక దినమునకు మార్చబడింది.

ప్రజలు ఏమి చేశారు? అదే సంవత్సరము డిసెంబరు 25న కాంటర్‌బరీలో నగర పెద్ద ఆ దినమున అంగడి జరగాలని చాటింపు వేయించాడు. చాలామంది దుకాణాలు తెరువలేదు. తెరిచిన కొద్దిమంది సరుకును గుంపు వీధిలో పారవేసింది. బంతులు తెచ్చి వీధులలో ఆడారు. కొట్లాట పెరిగి నగర పెద్దలే తన్నులు తిన్నారు. మరుసటి సంవత్సరము కెంటు జిల్లా అంతటా లేచిన తిరుగుబాటుకు ఇది ఒక నిప్పురవ్వ అయింది.

ఇంతకంటె ఆలోచింపదగినది 1656 డిసెంబరు 25న పార్లమెంటులోనే జరిగింది. నిషేధము వచ్చి తొమ్మిదేండ్లయింది. సభ యథావిధిగా కూర్చున్నది గాని సభ్యులు పలుచగా వచ్చారు. దారి పొడవునా దుకాణాలు మూసి ఉన్నాయని, జనము ఇంకా ఆ మూఢాచారమును పట్టుకొనే ఉన్నారని కొందరు సభ్యులు ఫిర్యాదు చేశారు. ఇంకా కఠినమైన చట్టము కావాలన్నారు. థామస్ బర్టన్ అనే సభ్యుని దినచర్యలో ఈ సంభాషణ మిగిలి ఉన్నది. మేము దీనిని చదివినప్పుడు అనిపించినది ఇది: ఆ చట్టము ఒక్క ద్వారమునే నిజముగా మూయగలిగింది, అది దేవాలయ ద్వారము. వంటిండ్లు మూతపడలేదు. సారా అంగడులు మూతపడలేదు. దుకాణదారుడు సెలవు తీసుకొన్నాడు, భోజనము చేశాడు, పేకాడాడు. లూకా సువార్త రెండవ అధ్యాయమును ఆ దినమున బహిరంగముగా చదివే స్థలము మాత్రము లేకుండా పోయింది. క్రీస్తు లేని క్రిస్మస్‌ను వ్యాపారులు కనిపెట్టారని మనము అంటాము. చట్టములో దానికి తొలి రూపమిచ్చినవారు భక్తిపరులే.

లేకుండా పోయింది అన్నాము గాని పూర్తిగా పోలేదు. 1657 క్రిస్మస్ నాడు జాన్ ఎవెలిన్ అనే పెద్దమనిషి తన భార్యతో కలసి లండనులోని ఎక్సిటర్ భవనపు చిన్న ప్రార్థనా మందిరమునకు వెళ్లాడు. పీటర్ గనింగ్ అనే దైవజనుడు ప్రసంగించాడు. ప్రసంగము ముగిసి ప్రభువు బల్ల ఇస్తుండగా సైనికులు మందిరమును చుట్టుముట్టారు. బల్ల దగ్గరకు వెళ్తున్నవారి మీదికి తుపాకులు ఎత్తిపట్టారు. అయినా ఎవరూ వెనుకకు రాలేదు. రొట్టె, ద్రాక్షారసము అందరికీ అందేవరకు ఆరాధన సాగింది. తరువాత వారిని నిర్బంధించి, శాసనమునకు విరోధముగా ఈ దినమును ఎందుకు ఆచరించారని సైన్యాధికారులు ప్రశ్నించారు. ఎవెలిన్ ఇదంతా తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. వీధిలో బంతి ఆడినవారు ఒక పండుగను కాపాడారు, ఈ కొద్దిమంది మరొకదానిని కాపాడారు. 1660లో రాజు తిరిగి వచ్చాక రెండూ కలసి వెనుకకు వచ్చాయి. ఏది ఏదో గుర్తుపట్టడము అప్పటి నుండి కష్టమయింది.

సముద్రము అవతల

న్యూ ఇంగ్లండులో కథ ఇంకా దీర్ఘమైనది. 1620లో ప్లిమత్ చేరిన యాత్రికులు తమ మొదటి డిసెంబరు 25న తమ మొదటి ఇంటిని కట్టడము మొదలుపెట్టారు. మరుసటి ఏడు క్రొత్తగా వచ్చిన కొందరు ఆ దినమున పని చేయడము మా మనస్సాక్షికి విరోధమన్నారు. గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ సరేనని మిగిలినవారిని పనికి తీసుకొని వెళ్లి, మధ్యాహ్నము తిరిగి వచ్చేసరికి వీరు వీధిలో ఆటలు ఆడుతున్నారు. ఆయన వారి ఆట వస్తువులను లాగుకొన్నాడు. భక్తితో ఆచరించదలిస్తే ఇండ్లలో ఉండి ఆచరించండి, ఇతరులు పనిచేస్తుండగా మీరు వీధిలో ఆడడము కుదరదు అన్నది ఆయన తీర్పు. న్యాయముగానే చెప్పాడని మాకు అనిపిస్తుంది.

1659లో మసాచుసెట్స్ కాలనీ, క్రిస్మస్ నాడు పని మానినా విందు చేసినా ఐదు షిల్లింగుల జరిమానా విధించింది. ఈ చట్టము 1681లో రద్దయింది. చట్టము పోయినా అలవాటు పోలేదు. కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, బాప్తిస్టు సంఘాలు సాధారణముగా 19వ శతాబ్దము మధ్యవరకు ఆ దినమున మందిరపు తలుపు తెరువలేదు. ఎపిస్కోపల్, లూథరన్, రోమన్ కతోలిక సంఘాలు తెరిచాయి గాని న్యూ ఇంగ్లండులో అవి కొద్దిపాటివే. మసాచుసెట్స్ రాష్ట్రము 1856లో గాని క్రిస్మస్‌ను సెలవుదినముగా అంగీకరించలేదు. అమెరికా కాంగ్రెసు 1870లో అంగీకరించింది. స్కాట్లండులో అయితే 1958 వరకు అది సెలవుదినమే కాదు.

ఈ రెండు వందల ఏండ్లలో దినము చచ్చిపోలేదు. పట్టణాలు పెరిగాయి, కుటుంబాలకు చలికాలములో ఒక పండుగ కావలసివచ్చింది, దుకాణాలకు కొనేవారు కావలసివచ్చారు. బలమైన సంఘాలు ఈ దినము మాది కాదు అని ప్రక్కకు తప్పుకొన్నందున దానికి క్రొత్త రూపమును రచయితలు, చిత్రకారులు, వ్యాపారులు ఇచ్చారు. 1843లో ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ క్రిస్మస్ కథ అచ్చయింది. డిసెంబరు 19న వెలువడిన 6,000 ప్రతులు పండుగ లోపలే అమ్ముడుపోయాయి. అది బీదలను జ్ఞాపకము చేసిన మంచి పుస్తకమే. అదే సంవత్సరము హెన్రీ కోల్ చేయించిన తొలి క్రిస్మస్ కార్డు అమ్మకానికి వచ్చింది. దాని మధ్యలో ఉన్నది పశువుల తొట్టి కాదు, ద్రాక్షారసపు గ్లాసులు ఎత్తిన ఒక కుటుంబము. రెండు ప్రక్కల మాత్రము బీదలకు అన్నము, బట్టలు ఇచ్చే బొమ్మలు ఉన్నాయి.

సెమినరీ ఆచార్యుని పద్యము

మన పత్రిక చదివేవారు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన మనిషి ఒకడున్నాడు. న్యూయార్కు ఎపిస్కోపల్ బిషప్పు కుమారుడు, క్లెమెంట్ క్లార్క్ మూర్. 1809లో హెబ్రీ భాషకు రెండు సంపుటముల నిఘంటువు కూర్చాడు. న్యూయార్కులోని జనరల్ థియలాజికల్ సెమినరీకి తన తోట భూమిని దానమిచ్చి, అక్కడనే ప్రాచ్య భాషలు, బైబిలు పాఠాలు చెప్పాడు. 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు ఒక వార్తాపత్రికలో పేరు లేకుండా ఒక పద్యము అచ్చయింది. సెయింట్ నికొలాసు రాకను గూర్చిన ఆ పద్యమును మూర్ 1844లో తన పద్య సంపుటిలో చేర్చుకొన్నాడు. (హెన్రీ లివింగ్‌స్టన్ అనే మరొకరు దానిని వ్రాశారని ఆయన వంశీకులు వాదిస్తారు. ఆ వివాదము ఇంకా తెగలేదు.) ఎనిమిది దుప్పుల బండి, పొగగొట్టములో నుండి దిగే బొద్దు ముసలివాడు, గోడకు తగిలించిన మేజోళ్లు, ఈ సామగ్రి అంతా ఆ పద్యము నుండే లోకమంతటా పాకింది. అందులో శిశువు లేడు, మరియ లేదు, దూత లేదు, ప్రార్థన లేదు.

హెబ్రీ నిఘంటువు కూర్చిన చేతితో వచ్చిన పద్యమిది! మూర్ అవిశ్వాసి కాడు, పిల్లల సంతోషము కోసము సరదాగా వ్రాసుకొన్నాడు. తన సంఘములో క్రిస్మస్ ఆరాధన జరుగుతూనే ఉన్నది కాబట్టి పద్యములో ఆ సంగతి లేకపోవడము ఆయనకు లోటుగా తోచి ఉండదు. కాని ఆరాధన లేని లక్షల ఇండ్లలోనికి ఆ పద్యము ఒంటరిగా వెళ్లింది. 1863లో థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు హార్పర్స్ వీక్లీలో అదే ముసలివానికి అమెరికా జెండా బట్టలు తొడిగి, సైనికులకు కానుకలు పంచుతున్నట్లు గీశాడు. ఎర్రచొక్కా వేసినది శీతల పానీయపు కంపెనీ అని కొందరు ప్రసంగాలలో చెప్పుతుంటారు, అది సరి కాదు. కోకా-కోలా ప్రకటనలు 1931లో వచ్చాయి, ఎర్రబట్టల తాత అంతకు చాలా ముందే ఉన్నాడు. లోకమును నిందించేటప్పుడయినా మనము నిజమే చెప్పాలి గదా.

ఆ సెయింట్ నికొలాసు నాలుగవ శతాబ్దపు మూర పట్టణ బిషప్పు. కట్నము ఇచ్చుకోలేని ఒక తండ్రి ముగ్గురు కుమార్తెల కోసము రాత్రివేళ రహస్యముగా బంగారము వేసి వెళ్లాడని ఆయనను గూర్చిన పాత కథ. కట్నపు బాధ తెలిసిన మన తెలుగు సంఘాలకు ఈ కథ చెప్పడము మాని, దుప్పుల బండి కథ ఎందుకు చెప్పుతున్నామో మాకు అర్థము కాదు.

తెలుగు నేల

ఈ చరిత్రకు మన సంఘాలతో నేరుగా సంబంధమున్నది. మనకు సువార్త తెచ్చినవారు ఈ రెండు వైపుల నుండీ వచ్చారు. 1841లో మచిలీపట్నము చేరిన సి.ఎం.ఎస్. మిషనరీలు ఫాక్స్, నోబుల్, 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ తమతో పండుగల పంచాంగమును, ఆగమన కాలపు ఆదివారములను తెచ్చారు. 1836లో గోదావరి ప్రాంతమునకు వచ్చిన బ్రెదరెన్ సేవకులు బౌడెన్, బీర్, 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్తిస్టు శామ్యూల్ డే, పంచాంగము పాటించని సంఘాల నుండి వచ్చారు. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854లో జ్యూవెట్ దొర, కొద్దిమంది తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున చేసిన ప్రార్థన క్రిస్మస్ నాటిది కాదు, జనవరి 1వ తేదీది. నేటికీ బ్రెదరెన్, బాప్తిస్టు మూలాలున్న కొన్ని సహవాసాలు క్రిస్మస్ ఆచరించవు. రోమా 14వ అధ్యాయము ప్రకారము వారిని తీర్పు తీర్చే పని మనకు లేదు. అయితే వారి పిల్లలు ఆ దినమున ఏమి చేస్తున్నారని ఒక సహోదర కాపరిని అడిగాము. "పొరుగింటివారు పిలిస్తే కేకు తినడానికి వెళ్తున్నారు" అన్నాడు. 1656 నాటి పార్లమెంటు సభ మాకు గుర్తుకు వచ్చింది.

ఆచరించే మన సంగతి అంతకంటె మెరుగుగా ఉన్నదా? మన ప్రాంతములో "సెమీ క్రిస్మస్" అనే మాట పుట్టింది. ఇంగ్లీషువారికే ఈ ఇంగ్లీషు మాట తెలియదు. డిసెంబరు ఒకటి నుండి బడులలో, ఆఫీసులలో, అపార్టుమెంటులలో, పార్టీ కార్యాలయాలలో సెమీ క్రిస్మస్‌లు జరుగుతాయి. మన దేశములో లౌకికత అంటే మతము లేకపోవడము కాదు, అన్ని మతాలవారు ఒక వేదిక మీద కూర్చోవడము. పాశ్చాత్య దేశాల కాపరులకు లేని అవకాశమిది. హిందువులు, ముస్లిములు కూర్చున్న సభలో క్రీస్తు జననమును చెప్పుమని మనలనే పిలుస్తున్నారు. ఎక్సిటర్ మందిరములోనివలె తుపాకులు లేవు, శాలువా ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక కళాశాలలో అటువంటి సభకు మేము వెళ్లాము. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యముగా వచ్చాడు. నృత్యాలు ఉన్నాయి, కేకు ఉన్నది, తాత వేషము వేసిన విద్యార్థి ఉన్నాడు. సమయము చాలదు, లేఖన పఠనము వదిలివేసి ఐదు నిమిషాలు సందేశమివ్వండి అని నిర్వాహకులు బ్రతిమాలారు. మేము ఒప్పుకొన్నాము. ప్రేమ, శాంతి, సమాధానము అని ఐదు నిమిషాలు మాట్లాడి శాలువా కప్పించుకొన్నాము. దిగి వస్తుండగా ఒక హిందూ అధ్యాపకురాలు ఎదురు వచ్చి, "అయ్యగారూ, అసలు ఆయన పుట్టిన కథ ఏమిటో వినాలని కూర్చున్నాము. పశువుల పాకలో పుట్టాడంటారు, ఎందుకు అక్కడ పుట్టవలసి వచ్చిందో మీరు చెప్పలేదేమండీ?" అని అడిగింది. ఆ సభలో పఠనమును తీసివేసినది లోకము కాదు. అడిగినది వారే అయినా, మూసినది మేము.

అప్పటి నుండి ఏ సెమీ క్రిస్మస్‌కు పిలిచినా మేము ముందుగా ఒక్క మాట అడుగుతున్నాము. కేకు కోసే ముందు, అతిథుల పరిచయమునకు ముందు, లూకా 2వ అధ్యాయము 1 నుండి 20 వరకు ఒకరు నిలువబడి చదవాలి. చదివేవారు ఆ సంస్థలో పనిచేసే విశ్వాసి అయితే మంచిది, దొరకకపోతే మేమే చదువుతాము. దానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.